జాతర రెండు రోజులు, వంట ఏడాదంతా

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆహార స్టాళ్ల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం మన తిండి పండుగలు, తిండి అమ్మే హోటళ్లు, ఆ పంటలు పండించేవాళ్లు. ఈ మూడింటినీ మనం ఎప్పుడూ వేరువేరుగా మాట్లాడుకుంటం. స్టాల్ గురించి ఒక మీటింగు, పంట గురించి ఇంకో మీటింగు. ఇయ్యాల మూడూ కలిపి మాట్లాడుత. చివర మీ ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుత. నచ్చితే తీర్మానం చేయండి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఇక్కడే చెప్పండి.

ముందు మన దగ్గర ఏమున్నదో చూద్దాం. మన సంగారెడ్డి జిల్లాలో నల్లరేగడి ఉంది, ఎర్ర నేల ఉంది. రేగడిలో యాసంగి జొన్న, శనగ, కుసుమ. ఎర్ర నేలల్లో సజ్జ, కొర్ర, సామ, తైద, నడుమ కంది, అనుము. ఒకే చెలకలో పదిరకాల గింజలు కలిపి చల్లే పద్ధతి మన పెద్దలది. వాన తక్కువైతే ఒకటి పోయినా ఇంకోటి చేతికొస్తది. వండేది కూడా అట్లనే. జొన్న రొట్టె, పుంటికూర, గటక, అంబలి, అనుముల గుడాలు, సద్దుల బతుకమ్మ నాటి మలీద ముద్దలు. విత్తకుండానే చేనులో మొలిచే దొగ్గలికూర, తుమ్మికూర, పొన్నగంటి కూర వేరే. ఎల్లమాస నాడు బీదర్ వైపు మన చుట్టాలు సజ్జ రొట్టె, భజ్జి, అంబలి కట్టుకొని చేనుకు పోయి తింటరు. పంటకు మొక్కి, అందరికీ పెట్టి, అక్కడే తినుడు. తిండి పండుగ అనే మాట ఇయ్యాల కొత్తగా వినబడుతున్నది గానీ పని మనకు పాతదే.

మన జిల్లాలోనే జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉంది. 1983లో అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. ఎక్కువగా దళిత ఆడవాళ్లు, ఎకరం రెండెకరాలు ఉన్నవాళ్లు ఊరూరా సంఘాలు పెట్టుకున్నరు. విత్తనాలు దాచుకున్నరు, పడావు భూములు సాగులోకి తెచ్చుకున్నరు. ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతర చేస్తరు. ఎడ్లబండ్లను సింగారించి, బుట్టల్లో పాత విత్తనాలు పెట్టుకొని, ఊరి నుంచి ఊరికి పోతరు. పోయిన ప్రతి ఊళ్లో కూర్చొని పంటల గురించి మాట్లాడతరు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సంస్థ వ్యవస్థాపకులలో ఒకరైన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో పోయిండ్రు. ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం జరుపుకున్నది కూడా ఆ 2023లోనే.

ఆ జాతరలో మనం గమనించాల్సింది ఒకటుంది. అది పట్నం దిక్కు పోలేదు, ఊళ్ల దిక్కు పోయింది. కొనేటోళ్ల కోసం కాదు, పండించేటోళ్ల కోసం పెట్టిన పండుగ అది. అట్లని పట్నాన్ని వదిలిపెట్టలేదు. జహీరాబాద్‌లో కెఫె ఎత్నిక్ పేరుతో చిరుధాన్యాల హోటలు కూడా తెరిచిండ్రు. జాతర ఒక దిక్కు, హోటలు ఒక దిక్కు, రెండింటి వెనక చేను.

మరి మన ఇండ్లల్ల జొన్న ఎందుకు తగ్గింది? రుచి తెలియక కాదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినయి. ఆకలి తీరింది, అది చిన్న మాట కాదు. బియ్యాన్ని నేను తిట్టను. కానీ జొన్న రొట్టె చేయాలంటే వేడి నీళ్లతో పిండి కలపాలి, గోధుమ లెక్క సాగదు గనుక చేత్తో తట్టాలి, పొయ్యి ముందు నిలబడాలి. కొర్ర, సామ, అరికె, ఊద అయితే ఇంకా కష్టం. వాటికి పైన పొట్టు ఉంటది, దంచి తీయాలి. జొన్నకు, సజ్జకు, తైదకు ఆ బాధ లేదు. దంచింది ఎవరు? మన అమ్మలు, అత్తలు. కూలికి పోయొచ్చి రాత్రిపూట దంచిండ్రు. బియ్యం రాగానే రోకలి పక్కన పెట్టిండ్రంటే వాళ్లను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. "పాత తిండికి మళ్లండి" అని స్టేజీల మీద చెప్పేటోళ్లు ఆ రోకలి మళ్లీ ఎవరి చేతికిస్తరో కూడా చెప్పాలె. పొట్టు తీసే మెషిన్ లేకుండా కొర్ర బువ్వ ముచ్చట ఆడవాళ్ల మీద ఇంకో బరువే.

ఇప్పుడు మేళాల సంగతి. సరస్ మేళాలు, జిల్లా ఉత్సవాలు, కాలేజీల ఫుడ్ ఫెస్టివళ్లు, అన్నింటికీ మన సంఘాలను పిలుస్తున్నరు. పోవాలె. పోతే ధైర్యం వస్తది, మాట వస్తది, ఆర్డర్లు వస్తయ్. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ సభ్యులు మేళాల్లో ఫుడ్ కోర్టులు నడిపి పేరు తెచ్చుకున్నరు. అట్టపాడి గిరిజన అక్కలు పచ్చని ఆకులు, పచ్చిమిర్చి వేసి వండే వనసుందరి కోడి కూర కోసం జనం లైన్లో నిలబడతరు. పేరు వాళ్లది, వంట వాళ్లది, అడవి వాళ్లది. అందరూ చేసే మంచూరియా వాళ్లు కూడా చేసి ఉంటే ఎవరూ గుర్తుపెట్టుకోకపోదురు.

అయితే మేళా నుంచి వచ్చినంక మనం చెప్పే లెక్క ఒకటి ఉంటది. "ఇంత అమ్మినం" అని చెప్తం. "ఇంత మిగిలింది" అని తక్కువసార్లు చెప్తం. "మన కూలి పోను ఇంత మిగిలింది" అని ఎవరమూ చెప్పం. అందుకే ఒక లెక్క బోర్డు మీద రాసి తెచ్చిన. ఇది ఉదాహరణ మాత్రమే, మీ ఊళ్లో ధరలు పెట్టి మీరు మళ్లీ చేసుకోండి.

2024–25కు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాకు 3,371 రూపాయలు. అంటే పది కిలోలకు 337. పట్టించడానికి 50 అనుకుందాం. కిలోకు పన్నెండు రొట్టెల లెక్కన 120 రొట్టెలు. ఒక్కోటి 15 రూపాయలకు అమ్మితే 1,800. గ్యాసు, ఆటో, ఇతర ఖర్చులు 350. పైసలు లెక్కపెడితే చేతిలో 1,063 కనబడతయ్. సంతోషమే. కానీ పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇద్దరు అక్కలు పొయ్యి ముందు ఉన్నరు. ఒక్కొక్కరికి రోజుకు 400 కూలి వేయండి, 800. మిగిలేది 263. ఇదీ అసలు లాభం. ఆ 800 రాయకపోతే రెండు నష్టాలు. ఒకటి, తట్టిన అక్కకు ఏమీ రాదు, పైసలు మొత్తం సంఘం ఖాతాకు పోతయ్, ఆమె రెండోసారి రమ్మంటే రాదు. రెండు, వ్యాపారం లాభంలో ఉందో నష్టంలో ఉందో మనకే తెల్వదు.

ఇంకో మాట. ఆ జొన్నలు మనం షాపులో కొన్నమా, మన సభ్యురాలి దగ్గర కొన్నమా? కిలోకు దాదాపు 34 బదులు మన సభ్యురాలికి 40 ఇచ్చినమనుకోండి. పది కిలోలకు 63 రూపాయలు ఎక్కువ. ఇంకా 200 మిగుల్తయ్. రొట్టెకు అర్ధ రూపాయి పైన తేడా, అంతే. ఆ అర్ధ రూపాయి వల్ల ఒక అక్క వచ్చే ఏడు కూడా జొన్న వేస్తది. కొర్రలకు, సామలకు కేంద్రం మద్దతు ధర కూడా లేదు. వాటికి ధర పెట్టేది దళారీ అయినా కావాలె, మనమైనా కావాలె.

ఇక్కడే నా అసలు భయం చెప్తా. పట్నంలో చిరుధాన్యాలకు గిరాకీ పెరుగుతున్నది. షుగర్ ఉన్నోళ్లు, జిమ్ముకు పోయేటోళ్లు అడుగుతున్నరు. మంచిదే. కానీ చేనులో పండింది పండినట్టు మూట కట్టి మేళాకు పంపి, మన పిల్లలకు మాత్రం సాయంత్రం పది రూపాయల కుర్‌కురే పొట్లం కొనిస్తే ఈ పండుగ ఎవరిది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువ. అంటే ఈ హాల్లో కూడా సగం మందికి పైగా అనుకోవచ్చు. రొట్టె ఒక్కటి తింటే రక్తం పడుతదని నేను చెప్పను. పప్పు, ఆకుకూర, గుడ్డు, పుల్లటి కాయ, ఏఎన్ఎం ఇచ్చే గోలీ, అన్నీ కావాలె. కానీ తైదల్లో బియ్యం కంటే ఎన్నో రెట్లు కాల్షియం ఉంటదని తెలిసి కూడా తైదలు అమ్మి, బాలింతకు ఉత్త చారన్నం పెడితే అది వ్యాపారం కాదు, ఇల్లు గుల్ల చేసుకునుడు.

హోటలు సంగతికి వస్తే, కొందరు అక్కలు అడిగిండ్రు: "మన దగ్గర రొట్టె ఎవరు కొంటరు? ఇంట్ల చేసుకుంటరు కదా" అని. ఇంట్ల చేసుకునే వాళ్లు కొనరు, నిజమే. కానీ మన పక్క నుంచే 65వ నంబరు జాతీయ రహదారి పోతున్నది. లారీ డ్రైవర్లు, బస్సు దిగినోళ్లు, ఆఫీసుల సార్లు, మేడంలు, హాస్టల్ పిల్లలు, దవాఖానకు వచ్చిన పేషెంట్ల వెంబడి వాళ్లు, సంతకు వచ్చే బేరగాళ్లు. వీళ్లకు పొద్దున అంబలి, మధ్యాహ్నం రొట్టె, పుంటికూర పప్పు దొరికితే తినరా? 2024లో మన రాష్ట్రంలో ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు మొదలైనయి. అందులో మన జాగ ఏదో మనమే అడగాలె.

కొన్ని పని మాటలు. సజ్జ పిండిలో నూనె ఎక్కువ, నిల్వ ఉంచితే తొందరగా చేదెక్కుతది. మేళాకు పదిహేను రోజుల ముందే పట్టించి పెట్టుకోవద్దు, పోయే ముందు రోజు పట్టించండి. కొర్రలు, సామలు వండే ముందు నానబెట్టండి. పొడులు, లడ్డూలు, సకినాలు ప్యాకెట్ చేసి అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలె. చిన్న వ్యాపారమైతే ఫీజు కొంచెమే. 14 అంకెల నంబరు, తయారు చేసిన తేదీ, బరువు ప్యాకెట్ మీద వేయాలె. పీఎంఎఫ్ఎంఈ పథకం కింద ఆహార తయారీలో ఉన్న సంఘం సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనం అడిగే వీలు ఉండేది. మెషిన్లకు బ్యాంకు లోను తీసుకుంటే 35 శాతం సబ్సిడీ, పది లక్షల పరిమితి వరకు ఉండేది. పొట్టు తీసే మెషిన్ దాంట్లోకి వచ్చేది. చిరుధాన్యాల పరిశోధన సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉంది. 1972 నుంచి ఇక్రిశాట్ మన జిల్లా పటాన్‌చెరులోనే ఉంది, జొన్న, సజ్జ, కంది మీద కూడా వాళ్ల పని. దూరం కాదు, పోయి అడిగితే నేర్పేటోళ్లున్నరు.

ఇగ నాలుగు ప్రతిపాదనలు.

ఒకటి. ఏ మేళాకు పోయినా, ఏ ఆర్డర్ తీసుకున్నా, వండిన వాళ్ల కూలి ముందు రాసి, ఆ తర్వాతే లాభం లెక్క కట్టాలె. కూలి అదే రోజు వాళ్ల చేతికియ్యాలె.

రెండు. సమాఖ్య వంటలకు కావలసిన గింజలు, పప్పులు, ఆకుకూరలు ముందు మన సభ్యుల దగ్గరే కొనాలె. ధర పంట చేతికి రాక ముందే గ్రామ సమాఖ్యలో కూర్చొని నిర్ణయించాలె. భూమి లేని అక్కలకు శుభ్రం చేసే పని, ఏరుకొచ్చే ఆకుకూరల పని దక్కాలె.

మూడు. మండల కేంద్రంలో సంత రోజున వారానికి ఒకసారి మన వంట అమ్మాలె. ఆరు నెలలు చూద్దాం. నడిస్తే రోజూ నడిచే క్యాంటీన్‌కు దరఖాస్తు పెడదాం. నడవకపోతే ఎందుకు నడవలేదో వచ్చే సర్వసభ్య సమావేశంలో లెక్కతో చెప్పుకుందాం.

నాలుగు. ప్రతి గ్రామ సమాఖ్యలో విత్తనానికి కొంత, ఇంటి తిండికి కొంత గింజ పక్కన పెట్టినంకనే మిగిలింది అమ్మాలె. మూడు నాలుగు ఊళ్లు కలిసి ఒక పొట్టు తీసే మెషిన్ కోసం ఈ ఏడే అర్జీ పెట్టాలె.

మూడో ప్రతిపాదనకు డబ్బు కావాలె గనుక కోశాధికారి అక్క దీనిమీద గట్టిగా అడుగుతదని నాకు తెలుసు. అడగాలె కూడా. మొదటి ఆరు నెలలకు కొత్త గిన్నెలు, కొత్త షెడ్డు ఏమీ వద్దు. సమాఖ్య దగ్గరున్న సామానుతోనే మొదలుపెడదాం. ఏ వారం ఏ ఊరి వంతో పట్టిక వేసుకుందాం.

పెద్దమ్మలకు ఒక విన్నపం. మీకు తెలిసిన వంటలు, ఏ నెలలో ఏ ఆకు తినాలో, ఏ గింజ ఏ నేలకు వేయాలో, ఈ ముచ్చట్లు వీఓఏలకు చెప్పండి, వాళ్లు రాసుకుంటరు. సంత వంటకు మొదటి వారం మీరే పెద్దలుగా ఉండాలె. రొట్టె తట్టే పని మేం చేస్తం, ఉప్పు చూసే పని మీది.

 ఇప్పుడు అధ్యక్షురాలి అనుమతితో నాలుగు ప్రతిపాదనల మీద ఒక్కొక్కటిగా చేతులెత్తమని కోరుతున్న.