అమ్మవారి హారము, గంధకపు నలుపు



నిన్నటి ప్రసంగానంతరం గద్వాల ప్రాంతపు గృహస్థు ఒకరు మా వద్దకు వచ్చి ఒక సందేహాన్ని నివేదించారు. తమ గ్రామంలోని అమ్మవారికి ప్రాచీన పద్ధతిలో కంఠహారం చేయించుచున్నారు. స్వర్ణకారుడు "కొంత నలుపు తెప్పించినచో ఆరువందల ఏండ్ల నాటి నగవలె కనిపించును" అన్నాడట. అట్లు చేయవచ్చునా అని ప్రశ్న.

ప్రాచీన రూపాన్ని అనుసరించుటలో దోషమేమియు లేదు. ఆలంపురం నవబ్రహ్మాలయాలు బాదామి చాళుక్యుల కాలానివి. అక్కడి శిల్పాలలో హారాలు, కేయూరాలు, మేఖలలు స్పష్టంగా కనిపిస్తాయి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో ఆభరణాలకు ప్రత్యేక ప్రకరణమే కలదు. అయితే శిల్పం హారాన్ని ముందువైపు నుండి మాత్రమే చూపుతుంది. కొక్కెం ఎట్లున్నది, వెనుక కుట్టు ఎట్లున్నది అనునది పనివాడే ఊహించుకొనవలెను.

పనివిధానం కూడ అట్లే నిలిచి ఉన్నది. బంగారు రేకును లక్కపై నుంచి ఉలితో కొట్టి బొమ్మ తేల్చుట నకిషీ పని. మేలిమి బంగారు రేకును రాతిచుట్టు అదిమి కెంపులు పొదుగుట కుందనపు పని. కెంపులు గుండ్రనివై ఉండవలెను. యంత్రంపై పలకలు కోసిన రాయి పెట్టినచో పాతరూపం అక్కడే చెడుతుంది.

ఇక నలుపు సంగతి. మేలిమి బంగారం నల్లబడదు. అందు కలిసిన వెండి, రాగి గాలిలోని గంధకపు అంశకు నల్లబడతాయి. ధూపదీపాల మసి, నూనె, పసుపు, కుంకుమ సందులలో చేరుతాయి. తాకిన చోట్ల రాపిడికి మెరుపు నిలుస్తుంది. స్వర్ణకారులు గంధకపు లవణద్రవంతో నలుపు తెప్పించి ఎత్తైన భాగాలను మాత్రం రుద్ది ఇదే తీరును ఒక్కపూటలో సాధిస్తారు. కాని నిజమైన పాతనగలో కొలికిరంధ్రాలు ఒకవైపుకు సాగి ఉంటాయి. అంచులు దేహానికి ఆనిన చోటనే పలుచనవుతాయి.

ఈ పరీక్ష మాకు ఆలస్యంగా తెలిసినది. ఇరువది ఏండ్ల క్రిందట ఒక ఆలయంలో పతకమొకటి మా చేతికిచ్చారు. దాని నలుపు చూచి మేము "ఇది రాజుల కాలపుది" అని సభలో చెప్పితిమి. మా మాటను వారు ఫలకంపై వ్రాయించుకొన్నారు. రెండేండ్ల పిమ్మట ఒక వృద్ధ స్వర్ణకారుడు మా ఇంటికి వచ్చి, చేతులు జోడించి, "స్వామీ, అది నేను చేసినదే" అన్నాడు. అతడు ఎవరినీ మోసగింపలేదు. అడిగిన తీరున చేసి ఇచ్చినాడు. తప్పు పలికినది మా నోరు. సవరణ కోరుతూ ఉత్తరం వ్రాసితిమి. ఫలకం మాత్రం నేటికీ అట్లే ఉన్నది.

14వ శతాబ్దంలో ఆలంపురం జోగులాంబాలయం ధ్వంసమైన పిదప అమ్మవారు శతాబ్దాలపాటు బాలబ్రహ్మేశ్వరాలయంలో కొలువై యుండిరి. నూతనాలయం 2005లో వెలసినది. ఆ కొత్తరాళ్లకు ఎవ్వరును మసి పూయలేదు. శ్రీశైల జలాశయంలో మునగవలసిన కూడలి సంగమేశ్వరాలయాన్ని కూడ విప్పి ఆలంపురంలో మరల నిలిపారు. అది తరలించినదనియే అందరూ చెప్పుకొంటారు. ఆగమాలలో జీర్ణోద్ధారణకు, సంప్రోక్షణకు విధి ఉన్నది. కొత్తదానిని పాతదిగా చూపుమన్న విధి మేము చదివినంతలో కనిపింపలేదు.

ఆ గృహస్థు కొంత నిరుత్సాహపడ్డారు. "మెరుపు మరీ ఎక్కువగా ఉన్నదండీ, ఎబ్బెట్టుగా కనిపించునేమో" అన్నారు. అదియు వినదగిన మాటయే. మెరుగు తగ్గించి తేనెరంగు నిలిపిన చాలునని చెప్పితిమి. పతకం వెనుక విశ్వావసు నామ సంవత్సరమని, తమ గోత్రమని, చేసిన స్వర్ణకారుని పేరని చెక్కించుటకు వారు అంగీకరించారు. స్వర్ణకారుడు తన పేరు వద్దని మొదట వారించినాడట. ముత్యాల కూర్పు ఇంకను మిగిలియున్నది.