కణముల నడక



మన దేహమందలి కణములన్నియు ఉన్నచోటనే యుండునవి కావు. గాయమైనచో చర్మకణములు అంచులనుండి లోనికి ప్రాకి పుండును కప్పును. అయితే త్రోవ నిరాటంకము కాదు. కణముల నడుమ కొల్లాజను మొదలగు మాంసకృత్తుల పోగులు ముండ్లకంచెవలె అల్లుకొని యుండును.

ఆ కంచెను కోయునవి ప్రోటియేజులనఁబడు ఎంజైములు. 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లపియేర్ అను శాస్త్రజ్ఞులు తోకకప్పల యందు కొల్లాజనును ఛేదించు ఎంజైమును కనుగొనిరి. తోకకప్ప కప్పగా మారునపుడు తోక కరగిపోవుటకు ఇది తోడ్పడును. మన చర్మకణములును పుండుపై ప్రాకునపుడు ఇట్టి ఎంజైమునే పుట్టించుకొనును.

కత్తి ఒరలో నుండవలయును. కావుననే దేహము ఈ ఎంజైములను పెక్కింటిని నిష్క్రియరూపమున తయారుచేసి, వలసినచోట మేల్కొలుపును. వానిని అణచు నిరోధకములను గూడ చెంతనే యుంచును. కేన్సరు కణము ఈ కట్టుబాటును మీరి, కణజాలపు సరిహద్దుపొరను కోసి, రక్తనాళములఁ జొచ్చి దూరావయవములఁ జేరును. ఆ వ్యాధి ప్రాణాంతకమగుట పెక్కుమారులు ఇందుచేతనే.

ఈ కత్తిని మొద్దుపరచిన చాలునని తలఁచి 1990 దశకమున మందులను రోగులపై పరీక్షించిరి. ఆశించిన మేలు కలుగలేదు; పలువురకు కీళ్లనొప్పులు మాత్రము కలిగెను. 2003లో ఒక హేతువు తెలియవచ్చెను: ఎంజైములను అడ్డగించినను, కొన్ని కేన్సరు కణములు ఆకృతి మార్చి, అమీబావలె పోగుల సందులలో దూరి సాగును.

కావున వైద్యుఁడు శత్రువు కత్తిని మాత్రమే గాక, అతఁడు దూరు సందులను గూడ ఎఱుఁగవలయును. పుండు మాన్పు నేర్పే ప్రాణము తీయు నేర్పగుచున్నది; దానిని వేరుపఱచుటయే నేఁటి శాస్త్రజ్ఞుల ముందున్న పని.