పాత కాసెట్టు - కొత్త తెర
(డిసెంబరు 17 పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం తరఫున తయారవుతున్న అరగంట వీడియో గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారి ఆజ్ఞ. జీవితమంతా ఫైళ్ళు కుట్టినవాడికి వీడియో గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. దిగి చూస్తే ఇదీ ఫైలు పనే.

1994లో మా సూపరింటెండెంటు గారి పదవీ విరమణ సభను వి.హెచ్.ఎస్. కాసెట్టు మీద తీశారు. ఈ మధ్య సభ్యుల ముచ్చట్లు సెల్‌ఫోన్లతో హెచ్.డి.లో తీశాం. రెండూ కలపమని ఒక స్టూడియోలో ఇచ్చాం. మొదటిసారి చేసి తెచ్చినదాంట్లో బక్కపలచని మా సూపరింటెండెంటు గారు కుస్తీ వస్తాదులా ఉన్నారు. ఆయన పోయి పదకొండేళ్ళు. వారి శ్రీమతి గారు చూసి, "ఈయనెవరండీ?" అన్నారు. సరిచేయమన్నాం. రెండోసారి ముఖాలు బాగున్నాయి, కాని గ్రూపు దృశ్యంలో జంబుఖానా మీద కూర్చున్న ముందు వరుస మాయం! ఆ వరుసలో ఉన్నది అటెండర్లు, నైట్ వాచ్‌మన్. కుర్చీల్లో వాళ్ళందరూ భద్రంగా ఉన్నారు.

కారణం చెబుతాను. పాత టీవీ బొమ్మ వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు. ఇప్పటి తెర పదహారుకు తొమ్మిది. పాత బొమ్మను కొత్త తెర నిండా సాగదీస్తే మూడు అంగుళాల ముఖం నాలుగు అంగుళాలవుతుంది. సాగదీయకుండా నింపాలంటే ఎత్తులో పావు వంతు కోయాలి. తలలు తెగకూడదని ఆ కుర్రవాడు కింద కోశాడు.

మనం ఆఫీసులో ఏం చేసేవాళ్ళం? రైతు చిన్న చీటీ మీద అర్జీ రాసిస్తే తెల్ల ఫుల్‌స్కేపు మధ్యలో అంటించి ఫైలుకు కుట్టేవాళ్ళం. చీటీని సాగదీయలేదు, కింది వేలిముద్ర కత్తిరించలేదు. ఇక్కడా అంతే. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న తెర మీద పాత బొమ్మను ఎత్తుకు సరిపెడితే 1440 వెడల్పు వస్తుంది. రెండు పక్కలా 240 చొప్పున నల్లగా వదిలేయాలి. ఆ నలుపు చూసి "ఖాళీగా ఉందే" అనేవారుంటారు. ఉండనివ్వండి.

ఇక స్పష్టత సంగతి. పాత పద్ధతి బొమ్మకు 720 ఇంటూ 576, అంటే 4,14,720 చుక్కలు. హెచ్.డి.కి 20,73,600. సరిగ్గా అయిదు రెట్లు. ఆ 720 కూడా కాగితం మీద లెక్కే, వి.హెచ్.ఎస్. టేపులో ఉండే వివరం అందులో సగానికి కూడా రాదు. నాలుగో కార్బన్ కాపీని సిరాతో దిద్దితే ఒరిజినల్ అవుతుందా? 'షార్ప్' చేస్తామని స్టూడియో వారంటే వద్దనండి, ముడతలన్నీ గీతలవుతాయి. 'మాయాబజార్' మాటేమిటని ఒక మిత్రుడు అడిగారు. నిజమే, మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారు 1957లో తీసిన ఆ చిత్రాన్ని 2010లో రంగులద్ది, వెడల్పు తెరకు మార్చి విడుదల చేశారు. అది ఫిలిం మీద తీసినది, దాంట్లో వివరం నిండుగా ఉంటుంది. మన కాసెట్టుకు ఆ భాగ్యం లేదు.

ఇంకొకటి. పాత వీడియోలో ఒక్కో బొమ్మ రెండు సగాలుగా, సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసి ఉంటుంది. ఒకటి బేసి గీతలు, రెండోది సరి గీతలు. కంప్యూటరులో చూస్తే ఊపిన చెయ్యి దువ్వెన పళ్ళలా చీలుతుంది. ముందు దీన్ని సరిచేసి, తరువాతే పెద్దది చేయాలి. వరుస తప్పితే ఆ పళ్ళు బొమ్మలో కలిసిపోతాయి, ఇక పోవు. అలాగే పాతది సెకనుకు 25 బొమ్మలు, ఫోను సాధారణంగా 30. వీలున్న ఫోనులో 25 పెట్టి, అడ్డంగా పట్టుకొని తీయండి. కదలిక కుదుపు లేకుండా కలుస్తుంది, ట్యూబులైటు మిణుకూ తగ్గుతుంది.

మన జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దానికి ఏడ్చినవాళ్ళమే అందరం. కాని కోస్తాలో మా బంధువుల కాసెట్లకు బూజు పట్టింది, మనవి దుమ్ము కొట్టుకొని బతికాయి! అటకల మీద ఉన్నవి దించండి. దుమ్ముతోనే వి.సి.ఆర్.లో పెట్టి తిప్పకండి, టేపు నలుగుతుంది. సంఘం కార్యాలయానికి తెండి. కాసెట్టులో ఉన్నది ఉన్నట్టుగా ఒక నకలు విడిగా దాచి, ఆ తరువాతే కలిపే పని మొదలుపెడతాం.

మూడోసారి వీడియో సరిగా వచ్చింది. ముందు వరుసలో ఆరుగురున్నారు. నలుగురి పేర్లు దొరికాయి. ఎడమ నుంచి రెండో ఆయన, చివర తలపాగా ఆయన పేర్లు తెలిసినవారు సభ ముగిశాక నా దగ్గరకు రావలసిందిగా కోరుతున్నాను.