మొదటి రెండు నిమిషాలు

(కూర్మన్నపాలెంలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపార సమావేశాల్లో ప్రజెంటేషన్‌ను ఎలా మొదలుపెట్టాలో చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. "పదవీ విరమణ చేసినవాళ్ళకి ఇప్పుడిదెందుకండీ?" అని ఒక మిత్రుడు గుమ్మం దగ్గరే అడిగాడు. నిజమే, మనకిప్పుడు ప్రమోషన్లు లేవు. కానీ కొడుకు ఆటోనగర్‌లో లేత్ మెషిన్ పెట్టుకుంటానంటే బ్యాంకు మేనేజరు ముందు వాడి పక్కన కూర్చునేది మనమే. పింఛను సంగతి మాట్లాడటానికి అధికారి గదిలోకి వెళ్ళేదీ మనమే. ఆ గదిలో మనకు దొరికేది పదినిమిషాలు. అందులో మొదటి రెండు నిమిషాలే మిగతా ఎనిమిదింటి సంగతి తేల్చేస్తాయి. ఈ మాట నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. దెబ్బ తిని నేర్చుకున్నాను.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో నేనొక క్వాలిటీ సర్కిల్‌లో సభ్యుణ్ణి. పనిచేసే కార్మికులే చిన్న బృందంగా కూర్చుని తమ దగ్గరి సమస్యను తామే పరిష్కరించుకునే ఈ పద్ధతి 1962లో జపాన్‌లో మొదలైంది. ఇషికావా దానికి ఆద్యుడు. మన దేశంలో దానికి నాంది పలికింది హైదరాబాదు దగ్గరి రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో, 1980 ప్రాంతంలో. అప్పట్లో కంప్యూటర్లు లేవు. ఓహెచ్‌పీ మీద ట్రాన్స్‌పరెన్సీలు పెట్టి చెప్పేవాళ్ళం. మా బృందం తరఫున చెప్పే అవకాశం నాకొచ్చింది. రాత్రుళ్ళు కూర్చుని రంగు రంగుల స్కెచ్ పెన్నులతో ఇరవై షీట్లు రాశాను.

తీరా ఆ రోజు ఏం చేశాను? ముందు వేదికమీదివారందరి పేర్లు, హోదాలు చదివాను. తర్వాత సంస్థ చరిత్ర చెప్పాను. మా విభాగంలో ఎవరి కింద ఎవరుంటారో బొమ్మ చూపించాను. నాకు పెద్దగా మాట్లాడటం రాదని, తప్పులుంటే మన్నించమని రెండుసార్లు వేడుకున్నాను. మా సమస్య ఏమిటో చెప్పే ఆరో షీటు పెట్టేసరికి హెచ్చరిక గంట మోగింది. మిగిలిన పద్నాలుగు షీట్లు పేకముక్కల్లా తిప్పేసి దిగిపోయాను. ఆరునెలల మా శ్రమ అక్కడితో సరి. బయట టీ తాగుతుంటే మా సీనియర్ ఒకాయన భుజంమీద చెయ్యేసి అన్నాడు: "ఏటి బాబూ, భోజనానికి పిలిచి ఆకుమీద నీళ్ళు చల్లుతూనే ఉన్నావు. అన్నం ఎప్పుడు వడ్డిస్తావు?"

అదే వేదికమీద మా తర్వాత వచ్చిన బృందంలో ఒక ఫిట్టర్ ఉన్నాడు. చదువు అంతంత మాత్రం. అతను అరిగిపోయిన బేరింగు ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చి, న్యాయనిర్ణేతల బల్లమీద ఠక్కున పెట్టాడు. "ఇది ఏడాది నడవాలి సార్. రెండు నెలలకే ఇలా అయింది. ఎందుకో కనిపెట్టాం. అదే చెప్తాను" అన్నాడు. అంతే. న్యాయనిర్ణేతలు కళ్ళద్దాలు సవరించుకుని ముందుకి వంగారు. బేరింగు చేతులు మారుతూ ఉండగానే అతను సగం గెలిచాడు.

ఆ తర్వాత ఎన్నో సభలు చూశాను. నాకర్థమైంది ఏమిటంటే, వినేవాడి మనసులో మొదట మూడు ప్రశ్నలుంటాయి. ఇతను దేని గురించి మాట్లాడతాడు? దాంతో నాకేం పని? ఎంతసేపు కూర్చోవాలి? ఈ మూడింటికీ జవాబు దొరికేదాకా అతని చెవులు మనకు అప్పగించడు. 1930లలో అమెరికాలో అలన్ మన్రో అనే ఆచార్యుడు ప్రసంగాన్ని అయిదు మెట్లుగా విభజించి, శ్రద్ధ రప్పించడాన్ని మొదటి మెట్టుగా పెట్టాడు. ఆయన చెప్పేదాకా మనవాళ్ళకి తెలియదని కాదు. మన పక్కనే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి హరికథను తీర్చిదిద్దారు. కథకుడు అడుగు పెట్టగానే ఆ గజ్జెల సవ్వడికే జనం మాటలు ఆపుతారు. అయితే గజ్జె కట్టేది కథలోకి తీసుకుపోవడానికి. కథ లేకుండా గజ్జెలు మాత్రమే మోగితే అది వట్టి చప్పుడు.

మన ఊరి ఉదాహరణే ఇంకొకటి ఉంది. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు". 1966 ఉద్యమంలో మారుమోగిన నినాదమిది. నాలుగే మాటలు. ఏది కావాలో, ఎవరికి కావాలో, ఎందుకు కావాలో మూడూ అందులోనే ఉన్నాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 2021లో ప్రైవేటీకరణ ప్రతిపాదన వచ్చినప్పుడు ఈ కూర్మన్నపాలెం కూడలి శిబిరంలో మళ్ళీ వినిపించిందీ ఆ నాలుగు మాటలే. మంచి ప్రారంభానికి ఉన్న బలం అది.

ఇక ఆచరణలోకి వద్దాం. నేను పాటించే మార్గాలు నాలుగు.

మొదటిది, వస్తువు చూపించడం. బేరింగు కథ చెప్పాను కదా. బ్యాంకుకి వెళ్ళే కుర్రవాడు ముప్పై పేజీల రిపోర్టు తెరవకముందు, తాను స్వయంగా కోసిన గేరు ఒకటి బల్లమీద పెట్టాలి. వీడికి పని వచ్చన్న సంగతి ఆ గేరే చెబుతుంది.

రెండోది, ఒక్క అంకె. పది అంకెలు వద్దు, ఒక్కటి చాలు. అదీ వినేవాడి అనుభవానికి తగిలేలా విడమరచి చెప్పాలి. మనలో చాలామంది ఈపీఎస్–95 పింఛనుదారులం. 2014 సెప్టెంబరులో కనీస పింఛను నెలకు 1000 రూపాయలుగా నిర్ణయించారు. అలాగే చెబితే అదొక ఉత్తర్వు. "రోజుకు 33 రూపాయలండీ" అంటే అదొక మనిషి బతుకు.

మూడోది, జరిగిన సంఘటన. మూడు నాలుగు వాక్యాల్లో ముగియాలి. మనం చూసిందో, మనకు జరిగిందో అయి ఉండాలి. కల్పన అయితే మొహంలోనే తెలిసిపోతుంది.

నాలుగోది, సూటిగా విషయం చెప్పేయడం. "నాకు పది నిమిషాలు చాలు. ఒక యంత్రానికి అప్పు అడగడానికి వచ్చాను. ఎలా తీరుస్తానో చెబుతాను." తీరికలేని అధికారి దగ్గర దీన్ని మించినది లేదు.

చేయకూడనివీ కొన్ని ఉన్నాయి. క్షమాపణతో మొదలుపెట్టకండి. వినయం మంచిదే కానీ, "నాకేమీ తెలియదు" అన్నవాడి మాట ఎవరు వింటారు? వేదికమీదివారికి ఒక్క నమస్కారం చాలు. సందర్భంలేని హాస్యం, తెరమీదున్న అక్షరాలనే గడగడా చదవడం, కరెంటు పోతే నోరు పెగలకపోవడం, ఇవన్నీ నేను చేసిన తప్పులే. అందుకే మొదటి మూడు వాక్యాలు కాగితం లేకుండా చెప్పగలిగేలా ఇంట్లో పైకి చదివి సాధన చేయండి. వినడానికి మన ఇంటావిడ ఉండనే ఉంది. ఆవిడ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయిందంటే ఆ ప్రారంభం మార్చాలన్నమాట.

ఇంకొక్క మాట. ప్రారంభాన్ని ఆఖరున రాయండి. మన గోదావరి బ్లాస్ట్ ఫర్నేసును 1990లో వెలిగించిన రోజులు గుర్తున్నాయి కదా. నిప్పు అంటించడం ఒక్క క్షణం. కానీ ముందు ఇటుకల పూత ఆరాలి, లోపల కోకు నిండాలి, ఆ తర్వాత గాలి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. లోపల సరుకు లేకుండా నిప్పురవ్వ ఒక్కటే ఉంటే లోహం దిగదు.

చివరగా మన సంఘంలో జరిగిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఒకసారి పింఛను విషయమై నలుగురం ఒక కార్యాలయానికి వెళ్ళాం. మాలో పెద్దాయన అధికారిగారిని పొగడటంతో మొదలుపెట్టారు. పొగడ్త పూర్తికాకముందే ఫోను వచ్చింది, ఆయన లేచి వెళ్ళిపోయారు. తప్పు ఆయనది కాదు, మాదే. రెండోసారి మాతో మన సహోద్యోగి భార్యను, భర్త పోయినావిడను, తీసుకువెళ్ళాం. ఆమె ప్రసంగమేమీ చేయలేదు. బ్యాంకు పాసుపుస్తకం తెరిచి, పింఛను పడిన వరుసమీద వేలు పెట్టి, "ఇదీ బాబూ నా నెల" అంది. పక్కనే మందుల బిల్లు ఉంచింది. అధికారి కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఈసారి ఫోను మోగినా తీయలేదు.

పని అయిందా అని అడుగుతారు. ఇంకా కాలేదు. ఫైలు మాత్రం కదిలింది. వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి. ఈసారి ముందు ఎవరు మాట్లాడాలో, మొదటి మాట ఏమిటో ఇక్కడే, ఈరోజే అనుకుందాం. అందుకే టీ అయ్యాక ఎవరూ వెళ్ళిపోవద్దని నా మనవి.