అమ్మవారి ముందరా, మగ్గం ముందరా

(వార్షికోత్సవ సభలో చెట్టికరై చేనేత సొసైటీ సెక్రటరీ మాట్లాడిన మాటలు)



నేను ఎనిమిదో క్లాసు వరకూ చదివినవాణ్ణి. నూలు లెక్క, కూలి లెక్క రాసేది నా పని. వేదాంతం నాకు రాదు. అయితే మన పిల్లోళ్ళు ఒక ప్రశ్న అడిగినారు. "భక్తి ఉంటే నీతి దానంతటదే వస్తుందా? దేవుణ్ణి నమ్మనివాడికి నీతి ఉండదా?" అని. దీనికి జవాబు పుస్తకంలో కంటే మన తూకం బల్ల దగ్గరే ఎక్కువ దొరుకుతుంది.

మన చౌడేశ్వరి అమ్మ పండగలో అలగు వేసేది అందరూ చూసినారు కదా. కత్తి ఎత్తి రొమ్ము మీద వేసుకొని "తీసుకో తల్లీ" అంటారు. ఇంట్లో అరవం మాట్లాడే పిల్లోళ్ళు కూడా ఆ మాట మాత్రం తెలుగులోనే అంటారు, అది నాకు చానా సంతోషం. ఆ ధైర్యాన్ని ఊరంతా చూస్తుంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నప్పుడు మాత్రం ఎవరూ చూడరు.

సొసైటీలో నూలు తూచి ఇస్తాం, బట్ట తూచి తీసుకుంటాం. మధ్యలో తరుగు కొంచెం పోతుంది, అది అందరికీ తెలుసు. పేక పలచగా కొట్టి, నూలు మిగుల్చుకొని, గంజి దట్టంగా పెడితే తూకం సరిపోతుంది. బట్ట బిగువుగా, మంచిగా కూడా కనిపిస్తుంది. కొన్న ఆడమనిషి ఒకసారి ఉతికినప్పుడు గదా సంగతి బయటపడేది! అప్పుడు ఆమె తిట్టేది ఆ ఒక్కణ్ణి కాదు, చేనేతనే.

ఇన్నేళ్ళలో నేను చూసింది చెప్తాను. పేర్లు వద్దు. పొద్దున్నే స్నానం చేసి, నొసట విభూతి పెట్టకుండా మగ్గం తాకని మనిషి ఒకాయన. ఆయన బట్టను మాత్రం ప్రతిసారీ దీపానికి అడ్డం పెట్టి చూడాల్సి వచ్చేది. నల్లచొక్కా వేసే పెరియార్ కట్చి మనిషి ఇంకొకాయన, గుడి గడప తొక్కడు. ఆయన బట్టను ఎవరూ విప్పి చూసేది లేదు, తూచి లోపల పెట్టేది అంతే.

దీన్ని పట్టుకొని భక్తి దండగ అనేస్తే అదీ తప్పే. ఒక అవ్వకు మనవాళ్ళు పొరపాటున ఒక చిట్టె నూలు ఎక్కువ ఇచ్చేసినారు. ఎండలో నడిచి వచ్చి తిరిగి ఇచ్చింది. "ఎవరికి తెలుస్తుంది అవ్వా" అని నవ్వితే, "అమ్మ చూస్తా ఉంటే ఎట్ల నాయనా" అనింది. ఆమెను నిలబెట్టింది ఆ నమ్మకమే. నల్లచొక్కా ఆయనను నిలబెట్టింది ఇంకొకటి. రెండూ తూకం దగ్గర ఒకటే అయినాయి.

ఇది మన ఊరి సంగతే అనుకోవద్దు. ఆంధ్ర తట్టు గోరా అని ఒకాయన ఉండేవాడు. పూర్తి పేరు గోపరాజు రామచంద్రరావు. బ్రాహ్మణ ఇంట్లో పుట్టి, దేవుడు లేడు అన్నందుకు కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినాడు. అది తరువాత విజయవాడకు వచ్చింది. గాంధీగారేమో రోజూ సాయంత్రం ప్రార్థన చేసే మనిషి. 1944 నుంచి వీళ్ళిద్దరూ కలిసి మాట్లాడుకుంటా వచ్చినారు. అంతకు ముందే గాంధీగారు తన మాటను తిప్పి పెట్టుకున్నారు. దేవుడే సత్యం అనేవారు సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టినారు. అట్లా చెప్తే దేవుణ్ణి ఒప్పుకోనివాడికి కూడా చోటు ఉంటుందని ఆయన ఎంచినారు.

ఆ మాట పరీక్షకు వచ్చింది. గోరా తన కూతురు మనోరమను దళితుడైన అర్జునరావుకు ఇవ్వాలనుకున్నాడు. పెళ్ళి సేవాగ్రామంలోనే చేస్తానన్నారు గాంధీగారు. దేవుడి పేరు మీద ప్రమాణం చేయడం గోరాకు ఒప్పుదల లేదు. సత్యం పేరు మీద చేయనీ అన్నారు గాంధీగారు. పెళ్ళి చూడకుండానే ఆయన పోయినారు. 1948 మార్చిలో ఆ ఆశ్రమంలోనే పెళ్ళి జరిగింది. ఆయన ప్రార్థన మానలేదు, ఈయన నాస్తికం మానలేదు. కులం విషయంలో ఇద్దరూ తమ ఇంటిదాకా తెచ్చుకొని చేసి చూపినారు. మన ఇళ్ళల్లో పెళ్ళి మాట వచ్చినప్పుడు మనం ఏం చేస్తామో నేను చెప్పక్కరలేదు.

ఇప్పుడు అసలు మాట. కొందరికి కోపం వస్తుంది, రానీ. 1985 చట్టం ప్రకారం కొన్ని రకాల బట్టలు చేనేతకే. 2006 నుంచి చేనేత ముద్ర కూడా ఉండాది. అయినా పవర్‌లూమ్ చీరకు చేనేత అని పట్టీ కుట్టి అమ్మేవాళ్ళు మన కులంలోనే ఉన్నారు. పవర్‌లూమ్ నేసేది తప్పు కాదు, అదీ కూలి పనే. పవర్‌లూమ్ అని చెప్పి అమ్మండి. అట్లా కాకుండా అమ్మిన లాభంలో కొంత గుడికి చందా ఇస్తే, పేరు రాతి మీద చెక్కిస్తున్నాం, మెడలో మాల వేస్తున్నాం. పక్కింట్లో గుంటమగ్గం మూతబడి, ఆ పిల్లోడు హోసూరు కంపెనీకి పోయినాడు. ఆ చందా ఎవరి కూలిలోంచి వచ్చిందో అమ్మకు తెలియదా?

అందుకని వచ్చే మహాసభలో నేను ఒక తీర్మానం పెడతాను. దొంగ పట్టీ వేసి అమ్మినట్టు తేలితే, ఆ మనిషి చందా గుడికి తీసుకోకూడదు, మాల వేయకూడదు. ఎంత పెద్ద మొత్తమైనా సరే. గోపురం పని ఒక ఏడాది ఆలస్యమైతే కానీ. ఆడవాళ్ళు కూడా వచ్చి చెయ్యెత్తాలి, పడుగు అతికేదీ కండెలు చుట్టేదీ మీరే కదా.