ఒకే రాయి, రెండు లిపులు

(రాయలసీమ పట్టణాల స్థానిక చరిత్ర సంఘాలు, మసీదు కమిటీలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్పై ఏళ్ళకు పైగా రెవెన్యూ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. చరిత్రను గురించి నాకు తెలిసినదంతా రికార్డు గదిలో దుమ్ము దులుపుతూ నేర్చుకున్నదే. అందుచేత ఆ గది నుండే మొదలుపెడతాను. ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి.

కార్యాలయంలో ఒక ఫైలు ముగిసినప్పుడు దానిపై ఒక గుర్తు వేస్తారు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది. డి.డిస్. అంటే పదేళ్ళు. ఎల్.డిస్. అంటే ఒక్క ఏడాది. గడువు తీరినవాటికి జాబితా రాసి, అధికారి సంతకం తీసుకొని, కాగితాలను నాశనం చేయిస్తారు. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో అటువంటి జాబితా ఒకటి నా చేతితోనే రాశాను. అందులో ఒక ఖబరస్తాన్ హద్దులపై వచ్చిన అర్జీ ఉంది. దానికి జతచేసిన పాత కొలతల పటం ఉంది. ఉర్దూలో రాసిన కాగితాలు రెండో మూడో ఉన్నాయి. ఎవరో పూర్వపు గుమాస్తా దానికి తక్కువ గడువు గుర్తు వేశాడు. నేను తెరిచి చూశాను, పటం అందంగా ఉందనుకున్నాను, జాబితాలో నెంబరు వేశాను.

కొన్నేళ్ళ తరువాత ఆ ఖబరస్తాన్ ప్రక్కన రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. హద్దు ఎక్కడ అన్న ప్రశ్న వచ్చింది. ఇద్దరు పెద్దలు నా దగ్గరకు వచ్చి, "బేటా, నువ్వు ఆఫీసులోనే ఉంటివి గదా, ఆ కాగితం కాస్త వెదికిపెట్టు" అన్నారు. రెండు రోజులు ఆగి, లేదని చెప్పాను. ఎందుకు లేదో చెప్పలేదు. ఆ ఇద్దరూ ఇప్పుడు అదే ఖబరస్తాన్‌లో ఉన్నారు. ఆ రోజు చెప్పలేని మాటను ఈ సభలో చెబుతున్నాను.

ఆ పటానికి ఒక్క నకలు వేరొకచోట ఉండి ఉంటే చాలేది. పట్టణంలో చరిత్రపై ఆసక్తి ఉన్న నలుగురు కూడి ఒక కాపీ తీసి పెట్టుకొని ఉంటే చాలేది. నిజానికి ఆనాడు మా ఊళ్ళో అటువంటి నలుగురు ఉండేవారు. కాని వారు దేవాలయ శాసనాల మీద పనిచేసేవారు, మేము మసీదు కమిటీ సమావేశాల్లో కూర్చునేవాళ్ళం. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇప్పుడు రాయి సంగతికి వస్తాను. కుతుబ్‌షాహీల కాలంలో ఫర్మానాలు పారసీకంతో పాటు తెలుగులో కూడా వెలువడేవని చరిత్ర చదివినవారందరికీ తెలుసు. రాళ్ళ మీద కూడా పైన పారసీకం, క్రింద తెలుగు చెక్కినవి మన ప్రాంతాల్లో దొరుకుతాయి. అటువంటి రాయి మీ ఊళ్ళో ఒకటి బయటపడిందనుకోండి. భారత పురావస్తు శాఖలో సంస్కృత, ద్రావిడ భాషా శాసనాల విభాగం మైసూరులో ఉంది. అరబ్బీ, పారసీక శాసనాల విభాగం నాగపూర్‌లో ఉంది. ఒకే రాయి, ఒకే శిల్పి, ఒకే ఉత్తరువు. చదివించాలంటే రెండు నగరాలకు రెండు అచ్చులు పంపాలి. నిపుణతను అలా పంచుకోవడంలో తప్పు లేదు. కాని ఊళ్ళో మనం కూడా అలాగే పంచుకున్నాము. పై సగం మీది, క్రింది సగం మాది అన్నట్లు బ్రతుకుతున్నాము. రెండు సగాలు కలిపి చదివితేనే గదా ఆ భూమి ఎవరు, ఎవరికి, ఏ పనికి ఇచ్చారో తెలిసేది!

రాయలసీమకు ఈ చిక్కు మరింత ఎక్కువ. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దాని పర్యవసానం ఏమిటంటే, అంతకుముందరి పారసీక కాగితాలు కొన్ని హైదరాబాదు వైపు ఉండిపోయాయి. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలాల దక్కను పత్రాలు లక్షకు పైగా ఉన్నాయి. 1800 తరువాతి కంపెనీ కాగితాలు మద్రాసుకు చేరి, ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని అభిలేఖాగారంలో ఉన్నాయి. కర్నల్ మెకంజీ కావలి సోదరులు మొదలైనవారి చేత ఊరూరా సేకరింపజేసిన కైఫీయతులు చెన్నైలోనే ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. మన అదృష్టం కొద్దీ కడప జిల్లావి సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం వారి కృషితో అచ్చులో కూడా దొరుకుతున్నాయి. ఆ పైన జిల్లా కలెక్టరేటులో ఇనాం ఫెయిర్ రిజిస్టరు. చివరికి మన ఇళ్ళలో ఇనుప పెట్టెలు. ఒక చిన్న మసీదు కథ తెలుసుకోవాలంటే ఇన్ని చోట్ల తిరగాలి. ఏ ఒక్క సంఘానికి అంత శక్తి ఉంది? నా పెన్షన్‌తో నేనొక్కణ్ణి ఎగ్మూరుకు ఎన్నిసార్లు పోగలను?

ఇనాం ఫెయిర్ రిజిస్టరు అన్నాను గనుక దాని గురించి నాలుగు మాటలు. మన యువకులు చాలామంది దాని పేరే వినలేదు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ఊరూరా ఉన్న ఇనాం భూములను విచారించి, ఎవరు దానం చేశారు, ఏ సేవకు చేశారు, ఎంత విస్తీర్ణం, అప్పటి అనుభవదారు ఎవరు అన్నది గడులు గీసి రాయించింది. దేవాలయ అర్చకునికి ఇచ్చినది, మసీదులో దీపానికి ఇచ్చినది, ఖాజీ సేవకు ఇచ్చినది, పీర్ల చావిడికి ఇచ్చినది, బావి తవ్వించినవానికి ఇచ్చినది, అన్నీ ఒకే పుస్తకంలో, ఒకే చేతివ్రాతలో, ఒకదాని క్రింద ఒకటి. నేను చూసిన అన్ని పుస్తకాల్లోకి మన ఊళ్ళ స్వభావాన్ని ఉన్నదున్నట్లు చూపించినది అదే. తెలంగాణ సోదరులకు దీనికి సాటి వచ్చేవి ముంతఖబ్, సేత్వార్. దేవాలయ ట్రస్టు వారికి కావలసిన పుట, మసీదు కమిటీకి కావలసిన పుట అనేకసార్లు ఎదురెదురు పుటలుగా ఉంటాయి. కాని నకళ్ళకు అర్జీ పెట్టేటప్పుడు ఎవరి పుట వారే అడుగుతారు. అందరూ కలిసి ఆ గ్రామపు పుస్తకం మొత్తానికి ఒకేసారి ధృవీకృత నకలు తీసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, అనుమానాలు కూడా తగ్గుతాయి.

సంఘాలు కలిసి పనిచేయడం మనం కొత్తగా కనిపెట్టినది కాదు. రాజమహేంద్రవరంలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. హైదరాబాదులో ఆ కాలంలోనే ఏర్పడిన పరిశోధక సంఘం, 1923లో కొమర్రాజు లక్ష్మణరావుగారు కన్నుమూసిన తరువాత, ఆయన స్మృతి చిహ్నంగా లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. ఒకటి ఆంగ్లేయుల పాలనలో, మరొకటి నిజాం పాలనలో. అయినా ఓరుగల్లు కాకతీయుల మీద కాకతీయ సంచికను వెలువరించినది గోదావరి ఒడ్డున ఉన్న మండలి! తెలంగాణ శాసనాలను సేకరించి గ్రంథంగా తెచ్చినది హైదరాబాదు మండలి. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖలో గులాం యజ్దానీగారు అరబ్బీ, పారసీక శాసనాల సంపుటాలకు సంపాదకత్వం వహించడమే గాక అజంతా చిత్రాల మీద జీవితంలో ఎక్కువ భాగం వెచ్చించారు. బౌద్ధుల గుహలు నాకెందుకు అని ఆయన అనుకోలేదు.

రాజమహేంద్రవరం పేరు వచ్చింది గనుక చెబుతున్నాను. అక్కడి జామియా మసీదు ద్వారం మీది శాసనం 1324 నాటిది. ఆంధ్రదేశంలో ముస్లిముల ఉనికికి అది ఎంత ముఖ్యమైన ఆధారమో, ఆ నగర చరిత్రకు కూడా అంతే ముఖ్యమైనది. ఇరువురి ఆసక్తీ అక్కడ ఒక్కటే.

మన ప్రాంతంలోకి చూడండి. గండికోటలో మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామియా మసీదు, ధాన్యాగారం ఒకే ప్రాకారంలో ఉన్నాయి. 1650లో మీర్ జుమ్లా ఆ కోటను పట్టుకున్నాడు. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు అక్కడ ఆయనను కలుసుకొని రాసి పెట్టాడు. కర్నూలులో హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, ఆదోనిలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు, పెనుకొండలో షేర్ ఖాన్ మసీదు, బాబయ్య దర్గా, పెన్న ఒడ్డున సిద్ధవటం కోట. వీటిలో పేరున్నవాటికి పురావస్తు శాఖల రక్షణ ఉంది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి నూరు మీటర్ల లోపల నిర్మాణం నిషిద్ధం. కాని నా దిగులు వాటిని గురించి కాదు. ఏ జాబితాలోనూ లేని గ్రామ మసీదు, పాడుబడిన ఆషుర్‌ఖానా, తుమ్మచెట్ల నడుమ నాలుగు సమాధులు, సరాయి గోడ, వీటిని గురించి. వీటికి ఊళ్ళోవాళ్ళు తప్ప రక్షణ లేదు.

ఊళ్ళోవాళ్ళం మనం ఏం చేస్తున్నాము? మనవాళ్ళను నేను నొప్పించక తప్పదు. మసీదుకు చందాలు బాగా రాగానే మొదట చేసే పని పాత గోడకు టైల్స్ అంటించడం. నేనెరిగిన ఒక మసీదులో ద్వారబంధం మీద ఆరేడు పంక్తుల రాయి ఉండేది. ఏటేటా సున్నం కొట్టి కొట్టి అక్షరాలు పూడిపోయాయి. కమిటీవారు మంచి మనస్సుతోనే దాని మీద పాలరాతి పలక పెట్టించారు. పలక మీద చందా ఇచ్చినవారి పేర్లున్నాయి. క్రింద ఏముందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. కొందరు అక్షరాలు బాగా కనబడాలని ఎనామిల్ రంగు పూస్తారు, అది ఇంకా చేటు. ఇంట్లో ఉన్న పాత సనదును భద్రం చేయాలని లామినేషన్ చేయించేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఆ వేడికి, ఆ జిగురుకు కాగితం శాశ్వతంగా చెడిపోతుంది. నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని చోట పెడితే చాలు.

ఇక చట్టం మాట. వక్ఫ్ చట్టానికి 2025లో వచ్చిన సవరణతో, దీర్ఘకాల వాడుక వలన వక్ఫ్ అయినదన్న ఆధారం ఇకముందుకు లేదు. చట్టం అమలులోకి రాకముందే నమోదైనవాటికి మాత్రం, వివాదం గాని, ప్రభుత్వ భూమి అన్న వాదన గాని లేనంతవరకు అది నిలుస్తుంది. దాని మంచిచెడ్డల మీద ఈ సభలో చర్చించను. న్యాయవాదులు ఉన్నారు, న్యాయస్థానాలు ఉన్నాయి. గుమాస్తాగా నేను చెప్పగలిగేది ఒక్కటే: తాతల నాటి నుండి నమాజు చేస్తున్నామన్న మాటకు ఇదివరకు ఉన్న బరువు ఇప్పుడు లేదు. కాగితం కావాలి, రాయి కావాలి, పటం కావాలి. పొరుగువారి సాక్ష్యం కూడా కావాలి. పట్టణ చరిత్ర సంఘం ఇరవై ఏళ్ళ క్రితం అచ్చువేసిన పుస్తకంలో మీ మసీదు ఫొటో, రాతి పాఠం ఉంటే, అది వివాదం పుట్టక ముందు, మీతో సంబంధం లేని చేతులు రాసిన సాక్ష్యం. అటువంటిదాన్ని ఏ కమిటీ అప్పటికప్పుడు తయారుచేసుకోలేదు.

చాలామంది కుటుంబాలు పెట్టె తెరవడానికి భయపడతాయి. భూమి సంగతి బయటపడితే ఎవరు వచ్చి మీద పడతారోనని. ఆ భయం అకారణమైనది కాదు. అందుచేత మన ఉమ్మడి సంఘం ముందుగా మాట ఇవ్వాలి. అసలు పత్రం ఇంటివారి దగ్గరే ఉంటుంది. ఫొటో మూడు చోట్ల ఉంటుంది. కుటుంబం ఒప్పుకోనిదే సర్వే నెంబరు ఏదీ అచ్చులోకి రాదు. పాఠం చదివేటప్పుడు మౌల్వీగారు, తెలుగు శాసనాలు చదివే మాస్టారు ప్రక్కప్రక్కన కూర్చుంటారు.

దానితో పాటు రెండవ మాట కూడా ఇవ్వాలి, అది కష్టమైనది. చదివిన తరువాత వచ్చిన పాఠం మనకు నచ్చకపోయినా దాచము. ఒక రాయి మీద మనమనుకున్న వలీ పేరు బదులు మరొకరి పేరు ఉండవచ్చు. మనదనుకున్న బావి కోమటి సెట్టి తవ్వించినది కావచ్చు. అటు పక్కవారికీ అదే నియమం. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లిములు వేంకటేశ్వరుని దర్శనానికి వెళ్ళడం మనందరం గర్వంగా చెప్పుకుంటాము, మంచిదే. కాని అదొక్కటే చెప్పుకొని చేతులు దులుపుకుంటే కాదు. కొట్లాటలు జరిగిన కాగితాలు కూడా రికార్డు గదిలో ఉన్నాయి, రాజీపడిన కాగితాలూ వాటి వెనుకే కుట్టి ఉన్నాయి. రెండూ కలిపి చదవాలి.

ఏ సంఘం పేరు ముందు రాయాలన్న దాని మీద ఉదయం అరగంట గడిచింది. అక్షరక్రమంలో రాద్దామని నా మనవి. అప్పుడు మా ఊరు చివరకు వస్తుంది, నాకేమీ అభ్యంతరం లేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం మొదటి పని పెట్టుకున్నాము. పాలరాతి పలక సంగతి చెప్పాను గదా, ఆ కమిటీవారు పలక తీయించడానికి ఒప్పుకున్నారు. వారికి ఈ సభాముఖంగా కృతజ్ఞతలు. సున్నాన్ని ఉలితో గాక, నీళ్ళు, మెత్తని కుంచెలతో వదిలించాలి. ఓపిక ఉన్నవారు కావాలి. అచ్చు తీయడానికి కాగితం, సిరా చరిత్ర సంఘం మిత్రులు తెస్తారు. మధ్యాహ్న భోజనం మసీదువారిది. బయట బల్ల మీద నోటుపుస్తకం ఉంది, వచ్చేవారు పేరు, ఫోను నెంబరు రాయండి. మొదటి పేరు నాది రాశాను. ఆ పుస్తకం మీద ఆర్.డిస్. అని కూడా నేనే రాశాను.