మణికట్టు, ముంజేయి, పియానో

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం మీద ఒక పావుగంట మాట్లాడమన్నారు. బి.పి. గురించి, షుగరు గురించి మీకందరికీ నాకంటే ఎక్కువే తెలుసు. అందుచేత పియానో వాయించే చేతి గురించి మాట్లాడతానన్నాను. ఫోనులో ఆయన కాసేపు పలకలేదు. మన సభ్యుల ఇళ్ళలో పియానోలు ఎన్ని ఉంటాయని ఆయన సందేహం. పియానో లేకపోయినా చేతులు అందరికీ ఉన్నాయి కదండీ అని మనవి చేసుకున్నాను.

మా అమ్మాయి కూతురికి పన్నెండేళ్ళు. ఏడో ఏట కాసియో కీబోర్డు మీద మొదలుపెట్టి, నిరుడు పియానోకి మారింది. కాసియో మెట్లు తేలిక, వేలు ఆనిస్తే పలుకుతాయి. పియానో మెట్టు అలా కాదు. దాని వెనకాల ఒక సుత్తి లేచి తీగను కొట్టాలి. దానికి తోడు పరీక్ష మూడు వారాల్లో ఉంది. రోజుకు మూడు గంటల సాధన. మణికట్టు కదలకూడదని మాస్టారు చేతి మీద రూపాయి బిళ్ళ పెట్టేవారు. బిళ్ళ పడితే మళ్ళీ మొదటి నుంచి.

ఒకరోజు భోజనాల దగ్గర చూద్దును కదా, పిల్ల మంచినీళ్ళ గ్లాసును రెండు చేతులతో ఎత్తుతోంది.

"కుడిచేతికి ఏమైందే?" అన్నాను.

"ఏం లేదమ్మమ్మా. సాధనలో నొప్పి మామూలేనట. ఓర్చుకుంటేనే వేళ్ళకు బలం వస్తుందట" అంది.

ఆ మాట వినగానే నాకు గుండె ఝల్లుమంది. ముప్ఫై ఏళ్ళ వయసులో నాకు నేను చెప్పుకున్న మాట అదే.

నేను టైపిస్టుగా ఉద్యోగంలో చేరానని మీలో చాలామందికి తెలుసు. స్టెన్సిల్ కోసేటప్పుడు అక్షరం తెగాలంటే గట్టిగా కొట్టాలి. మణికట్లు బల్ల అంచుకు ఆనించి, వేళ్ళతోనే కొట్టేదాన్ని. రాత్రిళ్ళు చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. విదిలించుకుని మళ్ళీ పడుకునేదాన్ని. ఇలా పదేళ్ళు గడిచాక డాక్టరుకు చూపిస్తే, మణికట్టులో నరం నొక్కుకుపోయింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. టైపు ఒక్కటే కారణమని ఆయన అనలేదు, నాకు థైరాయిడ్ కూడా ఉంది. కాని ఆలస్యం మాత్రం నాదే. ఇవాళ్టికీ నా కుడిచేతి మూడు వేళ్ళ కొసల్లో స్పర్శ సరిగా లేదు. సూదిలో దారం ఎక్కించలేను, మల్లెపూలు మాల కట్టలేను.

అందుకే పిల్ల విషయంలో ఊరుకోలేకపోయాను. ఆ వారమే డాక్టరుకు చూపించాం, పరీక్ష మానిపించాం. తరువాత ఈ విషయం మీద దొరికినంత చదివాను. అందులో తెలుసుకున్నది మీ ముందు పెడతాను.

ముందుగా మీరంతా ఒక చిన్న పని చెయ్యండి. ఎడమచేత్తో కుడి ముంజేతిని మోచేతికి కాస్త కిందగా పట్టుకోండి. కుడి వేళ్ళను ఒక్కొక్కటిగా ఆడించండి. కదలిక మీ ఎడమచేతికి తెలుస్తోంది కదా! వేళ్ళను ముడిచే, చాచే పెద్ద కండరాలు వేళ్ళలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అరచేతిలో కొన్ని చిన్న కండరాలు ఉన్నాయి. అసలు వేళ్ళలో ఉన్నవి ఎముకలు, ఆ కండరాల నుంచి వచ్చే తాళ్ళు. వాటిని డాక్టర్లు టెండన్లు అంటారు. మణికట్టు లోపలి వైపు ఒక ఇరుకు దారి ఉంది. అందులోనుంచి తొమ్మిది టెండన్లు, ఒక నరం కలిసి వెళ్తాయి. మణికట్టును బాగా వంచి ఉంచితే ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది.

ఇంకొకటి. అరచేతిని బల్ల మీద బోర్లించి, నడిమి వేలిని లోపలికి ముడవండి. ఇప్పుడు ఉంగరపు వేలిని పైకెత్తండి. చూశారా, లేవదు. ఆ వేళ్ళ తాళ్ళకు చేతి వెనుక భాగంలో ఒకదానితో ఒకదానికి లంకె ఉంది. ఎంత సాధన చేసినా ఆ లంకె తెగదు. కాబట్టి అన్ని వేళ్ళకూ సమానమైన బలం తెప్పిస్తామని పిల్లల్ని బాధపెట్టడం శరీర నిర్మాణానికే విరుద్ధం.

మరి మణికట్టు కదలకూడదన్న నియమం ఎక్కడి నుంచి వచ్చింది? పియానో కంటే ముందు యూరపులో హార్ప్సికార్డ్ ఉండేది. దానిలో మెట్టు నొక్కితే ఒక ముల్లు తీగను మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెద్దగా పెరగదు. దానికి వేళ్ళ పని చాలు. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో క్రిస్టొఫోరి సుత్తితో కొట్టే వాద్యం తయారుచేశాడు. అదే పియానో. మొదట్లో దాని మెట్లు కూడా తేలికే. పందొమ్మిదో శతాబ్దంలో ఇనుప చట్రం వచ్చింది. తీగల బిగువు పెరిగి, నేటి పెద్ద పియానోలో అంతా కలిపి దాదాపు 20 టన్నులకు చేరింది. సుత్తులు బరువెక్కాయి, మెట్లు బరువెక్కాయి. వాద్యం ఇంత మారినా పాఠం మాత్రం చాలాచోట్ల మారలేదు. చేతి మీద నాణెం పెట్టడం అప్పటి పద్ధతే. 1814లో లోజియర్ అనే ఆయన చేతుల్ని, వేళ్ళని ఒక చట్రంలో బిగించి ఉంచే సాధనానికి పేటెంటు కూడా తీసుకున్నాడు.

ఆ కాలంలోనే జర్మనీలో రాబర్ట్ షూమన్ గొప్ప పియానిస్టు కావాలని కలలు కన్నాడు. వేలి సాధనకు ఒక యంత్రం కూడా వాడాడు. 1832 నాటికి, ఇరవై రెండేళ్ళకే, కుడిచేతి వేలు పనికిరాకుండా పోయింది. కారణం ఆ యంత్రమేనా అన్నదాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. వాయిద్యకారుడిగా ఆయన ఆశ మాత్రం అక్కడితో ముగిసింది. స్వరకర్తగా మిగిలాడు కాబట్టి లోకం ఆయన్ని ఎరుగును.

అదే ఏడు, 1810లో, పుట్టిన షోపెన్ మాత్రం వేరే దారి పట్టాడు. వేళ్ళన్నీ సమానం కావు, దేని గుణం దానిదే అన్నాడు. మణికట్టును గాయకుడి ఊపిరితో పోల్చేవాడని శిష్యుల వల్ల తెలుస్తోంది. అందరూ మొదట నేర్పే సి మేజర్ స్కేలును ఆయన చివరకు ఉంచాడు. అందులో అన్నీ తెల్ల మెట్లే. పొడుగు వేళ్ళు నల్ల మెట్ల మీద, పొట్టి వేళ్ళు తెల్ల మెట్ల మీద ఉంటే చెయ్యి సహజంగా కుదురుకుంటుందని బి మేజర్‌తో మొదలుపెట్టేవాడు. 1885లో లుడ్విగ్ డెప్పే అనే జర్మన్ గురువు పియానిస్టుల చేతి బాధల మీదనే వ్యాసం రాశాడు. అంటే ఈ బాధ ఇవాళ్టిది కాదు.

ఇక కదలికలు. ముఖ్యమైనవి మూడు.

మొదటిది ముంజేయి తిరగడం. తాళంచెవి తిప్పినప్పుడు చేసేది ఇదే. ముంజేతిలో రెండు ఎముకలు ఉన్నాయి, ఒకటి రెండో దాని మీదుగా దొర్లుతుంది. బొటనవేలు, చిటికెనవేలు మార్చి మార్చి బల్ల మీద కొట్టి చూడండి. ఒట్టి వేళ్ళతో చేస్తే నిమిషంలో అలుపు వస్తుంది. ముంజేతిని అటూ ఇటూ తిప్పుతూ చేస్తే ఎంతసేపైనా చెయ్యవచ్చు. ఇంగ్లండులో టోబియాస్ మాతే, ఆ తరువాత అమెరికాలో డొరోతీ టౌబ్‌మన్ తమ బోధనలో దీనికి పెద్దపీట వేశారు.

రెండవది మణికట్టు పైకీ కిందికీ ఆడడం. గోడకు సున్నం వేసేవాడి కుంచె చూడండి. చెయ్యి పైకి వెళ్ళేటప్పుడు మణికట్టు ముందు లేస్తుంది, కుంచె వెనకాల వస్తుంది. పాటలో ఒక పలుకు మొదలైనప్పుడు చెయ్యి మెత్తగా దిగి, ముగిసినప్పుడు మణికట్టు ముందుగా లేవాలి.

మూడవది పక్కకు జరగడం. 88 మెట్లు కలిపి నాలుగడుగుల పొడవు. చెయ్యి ఒకచోటే ఉంచి మణికట్టును పక్కకు విరిచి చిటికెనవేలు చాచకూడదు. ఏ వేలు వాయిస్తుంటే దాని వెనకాలికి ముంజేయి జరగాలి.

వీటన్నిటి వెనకా చేతి బరువు ఉంది. మన అమ్మలు రోకలితో దంచేవారు. రోకలిని ఎత్తడమే వాళ్ళ పని, దిగడం చాలావరకు దాని బరువు చూసుకునేది. దించేటప్పుడు కూడా గట్టిగా బిగిస్తే సాయంత్రానికి భుజాలు పట్టేసేవి. పియానోలో ఇంకో సంగతి ఉంది. మెట్టు దిగేది ఒక సెంటీమీటరు మాత్రమే. అది అడుగుకు చేరేలోపే సుత్తి విడిపోయి తీగను కొట్టేస్తుంది. ఆ తరువాత ఎంత అదిమినా శబ్దంలో మార్పు రాదు. స్వరం నిలవాలంటే మెట్టు లేవకుండా వేలు ఆనిస్తే చాలు. మా పిల్ల నొప్పిలో సగం ఈ అదమడం వల్ల వచ్చిందే.

అలాగని చెయ్యి గుడ్డపీలికలా వదిలెయ్యమని కాదు. 1929లో బాల్టిమోర్‌లోని ఆటో ఆర్ట్‌మన్ ఈ కదలికలను యంత్రాలతో కొలిచి, పూర్తి సడలింపుతో ఎవరూ వాయించలేరని చూపించాడు. కండరం అవసరమైన క్షణంలో బిగుసుకుని, వెంటనే వదలాలి. ఆ వదలడమే నేర్చుకోవాలి.

ఓర్పు మంచిదే కదా అని కొందరికి అనిపించవచ్చు. అమెరికన్ పియానిస్టు లియాన్ ఫ్లైషర్ గురించి చెబుతాను. 1964లో, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుపోవడం మొదలైంది. మొదట్లో ఆయన ఇంకా ఎక్కువ సాధన చేశాడు. అది మెదడు నుంచి వచ్చే ఫోకల్ డిస్టోనియా అని తేలడానికి, చికిత్స దొరకడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. అంతకాలం ఎడమచేత్తో వాయించాడు, శిష్యులకు నేర్పాడు. 2004లో మళ్ళీ రెండు చేతులతో రికార్డు విడుదల చేశాడు. 2020లో, 92వ ఏట కన్నుమూశాడు. అంత మహానుభావుడికే శరీరం చెప్పిన మాట వినక తప్పలేదు.

మా పిల్ల సంగతి. ఆరు వారాలు పియానో ముట్టుకోలేదు. పరీక్ష పోయిందని రెండు రోజులు నాతో మాట్లాడలేదు కూడా. తరువాత రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి, ఇప్పుడు గంటకు వచ్చింది. మధ్యలో రెండుసార్లు లేస్తుంది. ముంజేయి మెట్లతో సమంగా ఉండేటట్లు స్టూలు ఎత్తు సరిచేశాం. మాస్టారిని నేను తప్పుపట్టను. ఆయన గురువు గారు ఆయన చేతి మీదా బిళ్ళే పెట్టారట. ఇప్పుడు మా ఇంట్లో ఆ బిళ్ళ పెట్టడం లేదు.

మీకు నా విన్నపం ఇదే. మనవడో మనవరాలో వీణ వాయించినా, తబలా కొట్టినా, కంప్యూటర్ ముందు కూర్చున్నా, చెయ్యి నొప్పి అంటే "ఓర్చుకో" అనకండి. ఆపమనండి, ఎలా చేస్తున్నారో చూడండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఇక మనలో షుగరు, థైరాయిడ్ ఉన్నవారికి మణికట్టు నరం నొక్కుకుపోయే అవకాశం ఎక్కువ. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు రాత్రిళ్ళు తిమ్మిరెక్కుతుంటే వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి. నేను సరిపెట్టుకున్నాను.

మొన్న ఆదివారం పిల్ల నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మెట్ల మీద పెట్టి, "అమ్మమ్మా, బిగించకు, వదిలెయ్" అంది. స్వరం పలికింది. వేలికొస మీద మెట్టు తగిలినట్లు నాకు సరిగా తెలియలేదు కాని, వినపడింది.